రాజకుమారక్క తోలుకొచ్చిన మనిషి

అశోక్‌నగర్‌లో రాజకుమారక్క మెస్సుకు బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. "చారు అయిపోవట్టె, రాండ్రి!" అని ఆమె ఒక్క కేక వేస్తే నారాయణగూడ చౌరస్తాలో ఆటోలు బ్రేకు వేస్తాయి. కళ్లారా చూశాను. డిగ్రీ సగంలో మానేసినవాడి మాట నమ్మాలా అంటారేమో. నేను పూర్తిగా చదివితే ఇక నాకు చెప్పడానికి ఏమీ మిగలదని లెక్చరర్ల మీద జాలిపడి మానేశాను.

ఆ మెస్సులో నాతోపాటు తినే జైతు ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు కుర్రాడు. గ్రూప్స్ పరీక్ష పోయాక మాట మానేశాడు, తిండి తగ్గించాడు. ఊరికి పోవడానికి సంచి కూడా సర్దుకున్నాడని తెలిసి అక్క పరేషాన్ అయింది.

"ఆని భాషల మాట్లాడేటోడుంటే మనసు ఇప్పుతడు," అని తీర్మానించి, అంబర్‌పేట్ పోయి లచ్చిరాం అనే ఆటో డ్రైవర్‌ను తోలుకొచ్చింది.

లచ్చిరాం జైతు చేయి పట్టుకుని తన భాషలో చాలాసేపు ఓదార్చాడు. చెప్తూ చెప్తూ తనే కళ్లు తుడుచుకున్నాడు. జైతు ఓపిగ్గా అంతా విని, చివరికి తెలుగులో నోరు విప్పాడు.

"అన్నా, మీది లంబాడ భాష గదా? మాది గోండి. మీ మాట ఒక్కటి నాకు సమజ్ కాలే."

లచ్చిరాం అక్క వైపు తిరిగాడు. "ఏందక్కా, మావోడే అంటివి! సవారీ ఇడిసిపెట్టొచ్చిన."

"గిరిజనులందరిదీ ఒకటే భాష కాదా?" అంది అక్క.

"అట్లయితే నువ్వు పరేషానైనప్పుడు మేం తమిళాయన్ని తోలుకొస్తం. నడుస్తదా?" అన్నాడు జైతు.

లచ్చిరాం పగలబడి నవ్వాడు. జైతూ నవ్వాడు. అక్క మాత్రం తను అనుకున్నదే జరిగినట్టు ఇద్దరికీ దర్జాగా అన్నం వడ్డించింది.

అన్నం కలుపుతూ జైతు అసలు సంగతి చెప్పాడు. ఫోన్లో అమ్మతో గోండిలో మాట్లాడితే రూములో వాళ్లు వెక్కిరించేవారట. అందుకని ఫోన్ చేయడమే మానేశాడు. పరీక్ష పోయిన సంగతి కూడా అమ్మకు చెప్పుకోలేదు.

"నా వంటింట్ల నిలబడి చెయ్యి. గట్టిగ మాట్లాడు. నవ్వినోనికి చారు బంద్!" అంది అక్క. "రేపు బర్కత్‌పురల కౌన్సెలింగ్ చేసే డాక్టరమ్మ కాడికి పోదాం. నేనొస్త నీతోని."

జైతు ఫోన్ చేశాడు. మొదట మెల్లగా మాట్లాడాడు. తర్వాత ఆగలేదు. అక్క గరిటె పట్టుకుని తలుపు దగ్గర కాపలా నిలబడింది.

"ఏమంటుండురా?" అని నన్ను గుసగుసగా అడిగింది. నాకు రాని భాషంటూ లేదు కదా.

"పప్పుల ఉప్పు తక్కువైందంట," అన్నాను.

జైతు ఫోన్ పక్కకు పెట్టి, "అబద్ధం అక్కా! ఇంకో పరీక్ష రాసేదాక ఇక్కడ్నే ఉంటనని అమ్మకు చెప్తున్న," అన్నాడు.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. గరిటె మాత్రం నా వైపు తిప్పింది.