దొరసాని ఆఖరి క్యాసెట్

కుప్పం బస్సులో ఆ రోజు నేను చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. ఆ క్యాసెట్ చెరిపింది నేనే.

పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి వచ్చిన జపాన్ ఆయన తిరిగి వెళ్తూ, వాళ్ల దేశపు పాతకాలం రాజుల సీరియల్ వీడియో క్యాసెట్లు కుప్పం ఆఫీసులో వదిలిపెట్టాడు. రైతులు అడిగి తీసుకెళ్లేవారు. నేనూ ఆఖరిది ఒకసారి మదనపల్లెకు తెచ్చుకున్నాను.

పుంగనూరులో ఎక్కిన ఒకామె అవే క్యాసెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

“మాట ఒకటీ తెలీదన్నా. అయినా ఊరంతా కూడి సూస్తిమి. కోట కాలిపోతాంటే కూడా ఆ దొరసాని ఇట్ల కూర్చుంటాది” అంటూ పైట సర్దుకుని, నిటారుగా కూర్చుని చూపించింది. అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది.

“యుద్ధానికి పోయిన మొగుడు వచ్చెనో లేదో తెలీలా. ఆఖరి దాంట్లో క్రికెట్టు ఉండాది. ఆఫీసోళ్లు నేనే చెరిపినానంటారు. ఇంక మా ఊరికి ఏమీ ఇయ్యరు. యా పనిలేనోడు చేసినాడో!”

క్యాసెట్ తీసి చూపింది. దాని మీద ఇంకేమీ రికార్డు కాకుండా జపాన్ ఆయన విరిచిన మూలన, క్రికెట్ రికార్డు చేసుకోవడానికి నేను అంటించిన ప్లాస్టరు అలాగే ఉంది. ఎవడో అన్నట్టు నేనూ తల ఊపాను.

కుప్పంలో ఆమె వెనకే ఆఫీసు దాకా నడిచాను. లోపల గుమాస్తా ఆమె మీద అరుస్తుంటే గడప దగ్గరే విని, వెనక్కి తిరిగాను.

ఏడేళ్ల తర్వాత మదనపల్లె పట్టుగూళ్ల మార్కెట్లో కనిపించింది. అంతా చెప్పేశాను. ఆమె గూళ్ల మూట కిందికి దించి నా వైపు తిరిగింది.

“చెరిపేముందు సూసినావా? మొగుడు వచ్చినాడా?”

“చూడకుండానే చెరిపేశానమ్మా. నన్ను క్షమించు.”