కాలికి చీటీ లేని పిట్టలు

ఆ రోజుల్లో నా చేతిరాత చూస్తే ఎవరికైనా నా మీద గౌరవం పుట్టి తీరుతుందని నా నమ్మకం. ఆంధ్రాలో జువాలజీ రికార్డులు ఫెయిర్ చేసి మార్కులు కొట్టినవాణ్ణి (కప్పను సరిగ్గా కోసింది మాత్రం ఎన్నడూ లేదు). ఎనభైల మొదట్లో షికాగో దగ్గర ఒక యూనివర్సిటీ మ్యూజియంలో అసిస్టెంట్‌గా చేరాను. ఎత్తైన కొండల మీద, చెట్లు ఆగిపోయి పొదలే మిగిలే చోట బతికే ఒక చిన్న పిట్ట ఉంది. దూది కూరి సొరుగుల్లో పడుకోబెట్టిన ఆ పిట్టల్ని రెండు జాతులుగా విడదీయడం నా పని. అన్నీ మట్టిరంగే, అన్నిటికీ చారలే. తేడా ఆ బ్రహ్మకే తెలియాలి.

"కళ్లున్నవాడెవడికైనా తెలుస్తుందయ్యా! ముక్కు చూడు, రెక్క అంచు చూడు!" అని ప్రొఫెసర్‌గారు రోజూ విసుక్కునేవారు (తిట్టేది ఇంగ్లీషులోనే, నాకు మాత్రం మా హెడ్‌మాస్టరు గొంతులో వినపడేది). ఇవి రెండు జాతులని ఆయన వ్యాసం రాస్తున్నారు. ఆయన ఉత్తరం ఇస్తేనే నా ఉద్యోగమూ, వీసా నిలిచేవి.

ఏ పిట్ట ఏ కొండ మీద దొరికిందో, ఏ జాతిదో రాసి కాళ్లకు దారంతో కట్టిన చీటీల మీద రాత కోడి కెలికినట్టుండేది. నాకు చేతులు ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం పన్నెండు చీటీలు విప్పి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఫెయిర్ చేసి, తలెత్తి చూశాను. పన్నెండు పిట్టలూ ఒక్కలాగే ఉన్నాయి. ఏ చీటీ ఏ పిట్టదో! రూమ్‌మేట్‌కి ఫోన్ చేశాను.

"ఎందుకురా టెన్షన్? గెస్ చేసి కట్టెయ్. పిట్టలొచ్చి కంప్లెయింట్ చేస్తాయా ఏంటి?" అన్నాడు వాడు.

కట్టబోయాను, చెయ్యి రాలేదు. వెళ్లి ఒప్పేసుకున్నాను.

"చీటీ లేని పిట్ట చెత్తబుట్టకే! తప్పుకో, నేను విడదీస్తాను" అని ప్రొఫెసర్‌గారు కుర్చీ లాక్కున్నారు. భూతద్దం పెట్టి ఒక పిట్టను ఎడమవైపు ఉంచారు, కుడివైపుకు మార్చారు, మళ్లీ ఎడమవైపుకే తెచ్చారు. సాయంత్రమైంది. కళ్లద్దాలు తుడుచుకుని, "ఇన్నేళ్లూ నేను చూసింది పిట్టనా, చీటీనా?" అన్నారు మెల్లగా.

ఆ వ్యాసం అచ్చుకు వెళ్లలేదు. ఉత్తరం మాత్రం ఇచ్చారు. "ఇతను నిజం చెబుతాడు. చేతికి పెన్ను ఇవ్వకండి" అని రాశారు.

ఇప్పుడు షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో ఏ పార్టీకి వెళ్లినా స్నేహితుల పిల్లలు, ఒకే ఎత్తు, ఒకే జీన్స్, "హాయ్ అంకుల్, గుర్తు పట్టారా?" అంటూ చుట్టుముడతారు. "పట్టకేమమ్మా!" అంటాను. చూపు మాత్రం వాళ్ల కాళ్ల వైపు పోతుంది, చీటీ ఉందేమోనని. అప్పుడు ప్రొఫెసర్‌గారి మీద బెంగగా ఉంటుంది.