గుడ్లున్న చేప

మంచు కురిసే మా సముద్రతీరపు ఊళ్ళో డిసెంబరులో ఉరిమిందంటే హతాహతా అనే చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఐర్లండ్ నుంచి వచ్చిన బ్రీడా టీచర్ మా పక్కింట్లో ఒంటరిగా ఉంటుంది. పాపం ఒక్కర్తేనని వీధి వీధంతా ఆవిడ గుమ్మంలో చేపల పెట్టెలు పెట్టింది.

నిన్న మంచులో మా ఇంటికొచ్చి, మా అత్తగారి ముందు కృతజ్ఞతగా నడుం దాకా వంగింది.

“చేపలన్నీ బాగు చేసుకున్నానండీ. లోపలి గుడ్లు మాత్రం తీసి పిల్లికి పెట్టేశాను.”

అత్తయ్య చేతిలో టీ గిన్నె గాల్లోనే ఆగిపోయింది. ఆ గుడ్ల కోసమే కదా ఊరంతా చలిలో సముద్రం మీద పడేది.

“గుడ్లన్నీనా? ఏ పిల్లికమ్మా?” అంది అత్తయ్య.

“తెల్లది. తోక సగమే ఉంటుంది. రోజూ వస్తోంది.”

అది మా పిల్లే. ఇంట్లో తిండి ముట్టడం లేదని వారం నుంచి అత్తయ్య నా వంటను తిడుతోంది.

“మనదేనే, సావా,” అంది నా వైపు తిరిగి, నమ్మలేనట్టు.

నేను కోడలినై వచ్చి ఇరవై ఏళ్ళు. గుడ్లున్న చేప మామగారి పళ్ళెంలోనో, ఆయన కొడుకు పళ్ళెంలోనో పడింది గాని, ఒక్కనాడూ నా పళ్ళెంలో పడలేదు.

“టీచరమ్మా, వచ్చే ఏడు పిల్లిని కాదు, నన్ను పిలవండి,” అన్నాను.