గొంతు మధ్యలో పెట్టమన్న మాస్టారు

మా రికార్డింగు మాస్టారు పోయారు. మొన్న పోర్టులో డ్యూటీ దిగి బయటికొస్తుంటే గేటు దగ్గర వాళ్ల అల్లుడు కనబడి చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. అక్కడే సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయాను. ఈమధ్య దేనికైనా ఇంతే, బాధపడ్డానికి కూడా ఓపిక చాలడం లేదు.

వన్‌టౌన్‌లో ఆయన గది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కింద చెప్పుల కొట్టు, పైన ఆయన. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, వీధి చప్పుడు రాకుండా కిటికీకి అడ్డంగా పాత పరుపు. నాటుపాటలు, కోలాటాలు నాలుగు ట్రాకుల టేపు మీద రికార్డు చేసి, మిక్సింగు చేసి క్యాసెట్లు వేసేవారు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు, ఊరికి కొత్త జనం, క్యాసెట్లు బాగానే పోయేవి. నాకు డ్యూటీ లేని రోజుల్లో ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఏ వాయిద్యం ఎడమ స్పీకర్లో పలకాలి, ఏది కుడి స్పీకర్లో పలకాలి, ఎంత పక్కకి జరపాలి, ఆ నాబులు తిప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"డప్పుని అటు పంపు, సన్నాయిని ఇటు పంపు, ఎవుడూ అడగడు. గొంతు మాత్రం మధ్యలో ఉండాల బావా, రెండు పెట్టెల్లోనూ సమానంగా పలకాల," అనేవారు. నాకన్నా పాతికేళ్లు పెద్ద, అయినా నన్ను బావా అనే పిలిచేవారు. "పాట ఎడల్పుగా ఉండాలని మనుసుల్ని గోడకి నెట్టీకూడదు."

మిక్సింగు అయ్యాక ఎడమ స్పీకరు వైరు పీకి ఒకసారి, కుడిది పీకి ఒకసారి వినేవారు. ఆ తర్వాతే టీ. నాకు చిరాకొచ్చేది. రెండు పెట్టెలుండగా ఒక్కదాంతో వినే ఖర్మేంటి మాస్టారూ అంటే, "కొనుక్కునోడి దగ్గిర రెండున్నాయో లేదో నీకు తెల్సేటి?" అనేవారు.

ఒకసారి పద్మనాభం వైపు పల్లెల నుంచి ఊడుపుల పాటలు పాడేవాళ్లు వచ్చారు. అందులో ఒక పాటలో మగగొంతు అడుగుతుంది, ఆడగొంతు జవాబు చెబుతుంది. జవాబు పాడినావిడ రోజూ బస్సులో టౌనుకొచ్చి ఆకుకూరలు అమ్ముకునే మనిషి. భర్త పోర్టులో కళాసీ, మల్కాపురంలో గది తీసుకుని ఉండేవాడు. "మా ఆయనకి ఇనిపించాల బాబూ," అని వెళ్తూ వెళ్తూ రెండుసార్లు చెప్పింది.

మిక్సింగు నాటికి మాస్టారికి జ్వరం. నువ్వే సెయ్యి బావా అన్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మగగొంతుని పూర్తిగా ఎడమకి, ఆవిడ గొంతుని పూర్తిగా కుడికి తోసేశాను. మడికి ఆ గట్టున ఒకరు, ఈ గట్టున ఒకరు నిలబడి పాడినట్టే ఉంది. మురిసిపోయాను. వైర్లు పీకి వినలేదు. క్యాసెట్లు బయటికెళ్లిపోయాయి.

మల్కాపురం టీ కొట్టులో ఉన్నది ఒక్క పెట్టె, ఎడమది. కుడిది పాడైతే ఎప్పుడో తీసేశారట. ఆవిడ భర్త తోటి కళాసీలందర్నీ కూర్చోబెట్టి, టీలు చెప్పి, క్యాసెట్టు వేయించాడు. పాటలో మగాడు అడుగుతూనే ఉన్నాడు, పలికే దిక్కులేదు. కాసేపు డప్పు, మళ్లీ అడుగుతాడు. "నీ పెళ్లాం అలిగి పుట్టింటికెలిపోనాదేట్రా" అని అందరూ నవ్వారట.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గంపతో సహా మెట్లెక్కి వచ్చింది. అరవలేదు.

"నా గొంతు బాగోలేదని తీసీసినారేటి బాబూ? ముందే సెప్తే పాడకపోదును కదా," అంది.

నేను నోరు తెరిచేలోపు, జ్వరం దిగీ దిగని మనిషి, మాస్టారు లేచి నిలబడ్డారు. "నీ గొంతు బంగారం తల్లీ. తప్పు నాది. నానే నాబు ఎక్కువ తిప్పీసినాను."

నేను నోరు మూసుకున్నాను. సిగ్గులేక మూసుకున్నాను.

దొరికినన్ని క్యాసెట్లు వెనక్కి తెప్పించి, గొంతులు రెండూ మధ్యకి తెచ్చి, ఒక్కోటీ మళ్లీ ఎక్కించారు. ఆవిడ కొత్త క్యాసెట్టు పుచ్చుకోలేదు. మరి ఎక్కడా పాడనూ లేదు. ఆవిడతో నిజం చెప్పేస్తాను మాస్టారూ అని ఒకసారి అన్నాను. "నీ సెవి మీద నీకు నమ్మకం పోతే మరి పన్జెయ్యలేవు. నాకేటి, ముసిలోణ్ణి," అన్నారు. ఆ మాట చాటున హాయిగా దాక్కున్నాను. ఏడెనిమిదేళ్లు అలాగే గడిచిపోయాయి.

మాస్టారి కోసం చదివే మూడో రోజు ఫాతిహా ప్రార్థనకి వాళ్లింటికి వెళ్తే, వీధి అరుగు మీద ఆ పాట పాడినావిడ కనబడింది. జుట్టు నెరిసింది.

"పోనోడి మీద కోపం ఉంచుకోకూడదు కదా బాబూ. అందుకే వచ్చినాను," అంది.

ఇక నావల్ల కాలేదు. ఆ నాబు తిప్పింది నేనేనని, ఆ రోజు ఆయన మంచం మీద ఉన్నారని చెప్పేశాను.

"మరి ఇన్నేళ్లూ ఆయన ఎదురొస్తే నాను తల తిప్పీసుకుని ఎలిపోనాను కదా," అంది. "కనబడినప్పుడల్లా దణ్ణం ఎట్టీవోడు."

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండును. అరుగు దిగి, రికార్డింగు గది ఉన్న సందులోకి నడిచింది. వెనకాలే వెళ్లాను. కింద చెప్పుల కొట్టు తెరిచే ఉంది, మేడ మెట్ల తలుపుకి మాత్రం తాళం. ఆవిడ తల మీదకి కొంగు లాక్కుని, రెండు చేతులూ జోడించి, ఆ తలుపు ముందు నిలబడింది. బస్సు టైము దాటిపోయినా కదల్లేదు.