పండ్ల డాక్టరా, గొడ్ల డాక్టరా

మా బిడ్డకు ఒకే వారంలో రెండు యూనివర్సిటీల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి హైదరాబాదులో డెంటల్ కాలేజీ సీటు, అదీ కన్వీనర్ కోటాలో. రెండోది పశువైద్యం కౌన్సెలింగ్‌కు రమ్మని. పిల్ల ర్యాంకుకు నిరుటి లెక్కన ఆ సీటు కూడా దాదాపు ఖాయమే. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్కచోటే ఇవ్వాలి. అక్కడ ఇస్తే ఇది పోతుంది, ఇక్కడ ఇస్తే అది పోతుంది. బోధన్ దగ్గర చెరకు తోటల మధ్య ఉన్న ఊరు మాది. ఆడపిల్ల ఇంటర్ దాటితే నర్సింగో డిగ్రీయో, ఆ తర్వాత పెళ్లి. అలాంటి చోట రెండు డాక్టరు చదువులు వచ్చి మా గడప ముందు నిలబడ్డాయి. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఊళ్లో సగం మంది పిల్లల ముక్కులు తుడిచి, అక్షరాలు దిద్దించినదాన్ని. నా బిడ్డ గురించి నేను గొప్ప చెప్పుకోకపోతే పక్కింటామె చెబుతుందా?

డెంటల్ సీటు మెసేజ్ ఫోన్లో మోగిన సాయంత్రమే మా తమ్ముడు నిజామాబాదు నుంచి స్వీట్ డబ్బా పట్టుకుని దిగాడు. అక్కడ ఒక ఆసుపత్రిలో ల్యాబ్‌లో పనిచేస్తాడు. డాక్టర్లను రోజూ దగ్గర నుంచి చూస్తాడు కాబట్టి డాక్టర్ల గురించి మా అందరికంటే తనకే ఎక్కువ తెలుసని వాడి నమ్మకం.

"అక్కా, పండ్ల డాక్టర్ అంటె మామూలు ముచ్చటనా? రాత్రి డ్యూటీ లేదు, పరేషాన్ లేదు. ఏసీల కూసుండి పని చేసుకుంటది. చదువైనంక నిజామాబాద్‌ల బస్టాండ్ దిక్కు క్లినిక్ పెట్టిద్దాం. బోర్డు నీలం రంగుది, మీద తెల్ల అక్షరాలు."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా కాలేజీ గేటు కూడా చూడలేదు, వీడు బోర్డుకు రంగు వేశాడు. మా అత్త అయితే ఇంకో అడుగు ముందుకేసింది. ఆమె నోట్లో మిగిలినవి నాలుగు పళ్లు. "మొదాలు నాకు పెట్టాలె బిడ్డా పండ్లు. పైసలడుగుతె ఊకోను," అంది. నా కొడుకు నిజామాబాదులో సెల్‌ఫోన్ల షోరూంలో పని చేస్తాడు. వాడు చెల్లెలి ఫొటో స్టేటస్‌లో పెట్టి ఇంగ్లీషులో డాక్టర్ అని రాసేశాడు. నేనూ తక్కువ తినలేదు. మర్నాడు అంగన్‌వాడీకి వచ్చిన ప్రతి తల్లికీ, గుడ్లు పంచుతూ పంచుతూ, ఈ సంగతి కూడా పంచాను.

రెండో పిలుపు గురించి ఎవరూ మాట్లాడలేదు. అది బిడ్డ తనంతట తాను పెట్టుకున్న దరఖాస్తు. మేమందరం ఏదో సరదాకు పెట్టిందిలే అనుకున్నాం. పిల్ల మాత్రం కుక్కిన పేనులా కూర్చుంది. నాకు అక్కడే అనుమానం వచ్చి ఉండాలి. నా కడుపున పుట్టిన పిల్లకు నోరు లేకపోవడం ఏమిటి? కూరలో ఉప్పు తక్కువైతే వాడంతా వినబడేలా చెప్పే పిల్ల అది. సీటు వచ్చిన రోజున స్వీటు ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా, బయట బర్రెల కొట్టం వైపు చూస్తూ ఉంది.

ఇంకొకరు కూడా ఏమీ అనలేదు. మా ఆయన.

మా ఆయన పశువుల దలాల్. వాళ్ల నాయన కాలంలో చెరకు బండ్లు ఫ్యాక్టరీ దాకా వరసగా పోయేవి. ఆ బండ్లకు కట్టే ఎడ్ల బేరాలతో ఆ ఇల్లు నడిచింది. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఫ్యాక్టరీ మూతబడింది, ఎడ్ల బేరాలు తగ్గి పాడి బర్రెల బేరాలు మిగిలాయి. అంగడిలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, భుజం మీది తువ్వాల వాళ్ల చేతుల మీద కప్పి, కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం వాళ్ల పద్ధతి. నోటితో ఎవరూ అంకె అనరు. ఇటు తెలుగు, అటు మరాఠీ, మధ్యలో ఉర్దూ. వేళ్లకు ఆ తేడాలేమీ లేవు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ అందులో ఒక మర్యాద ఉంది. నేనెంత అడిగానో పక్కవాడికి తెలియదు, తగ్గినా నా పరువు పోదు.

కానీ దలాల్ అంటే లోకానికి లోకువ. దలాల్ మాట నీళ్ల మీద రాత అంటారు. మా ఆయన ఎవరినీ మోసం చేసిన మనిషి కాదు. అయినా ఆ పేరు మోస్తూ మోస్తూ ఆయన మెడ వంగిపోయింది. బిడ్డను ఒక్కసారి కూడా అంగడికి తీసుకుపోలేదు. "ఆ పెండల, ఆ తిట్లల దానికేం పని? అది సదువుకోని," అనేవాడు.

హైదరాబాదు వెళ్లాల్సిన రోజుకు ముందు సాయంత్రం అందరం ముందుగదిలో కూర్చున్నాం. సర్టిఫికెట్ల కవరు తమ్ముడి ఒళ్లో ఉంది. అప్పుడు పిల్ల మెల్లగా నోరు విప్పింది.

"మామా, ఎల్లుండి నాకు పశువుల కాలేజీ కౌన్సెలింగ్ ఉంది. రేపు డెంటల్‌ల సర్టిఫికెట్లు ఇస్తే ఇగ అది పోయినట్టే."

"పోతె పోనీ. నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు తమ్ముడు. "గొడ్ల డాక్టరా? పెండ పిసుకుడు మీ ఇంట్ల కొత్తనా? దానికి గింత సదువెందుకు?"

"చెల్లె, నేను స్టేటస్ పెట్టిన," అన్నాడు నా కొడుకు, అదేదో రిజిస్ట్రీ ఆఫీసులో సంతకం చేసినట్టు.

"పండ్ల డాక్టర్ అయితె మనుషుల నోరు సూస్తవ్. గది ఇజ్జత్," అన్నాడు తమ్ముడు మళ్లీ.

"బాపు గూడ పండ్లే సూస్తడు మామా. బర్రె నోరు తెరిచి వయసు చెప్తడు. ఆయనకు ఇజ్జత్ లేదా?"

ఇంట్లో గొంతులు లేచాయి. తమ్ముడు అరుస్తున్నాడు, కొడుకు వంత పాడుతున్నాడు, మా అత్త తన పళ్ల గతేమిటని అడుగుతోంది. పెండ పిసుకుడు అన్న మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను తమ్ముడినీ కొడుకునూ కలిపి తిట్టాను. తిడుతూనే మళ్లీ, "డెంటల్‌కే పో బిడ్డా, అందరికి చెప్పుకున్నం," అని కూడా అన్నాను. నా మాట ఎటు నిలబడిందో నాకే తెలియలేదు.

"ఆగుండ్రి," అన్నాడు మా ఆయన. అందరం ఆగాం. ఆయన ఇంట్లో గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఆగాం.

భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకున్నాడు. "అరిస్తె బేరం తెగదు. ఒక్కొక్కలు రాండ్రి. పండ్ల కాలేజీకైతె ఒక్క వేలు. పశువుల కాలేజీకైతె రెండు. ఎవ్వరేమన్నరో నా నోట రాదు. మొగమాటం లేకుంట మనసుల ఉన్నది చెప్పుండ్రి."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బిడ్డ చదువుకు అంగడి బేరమా! కానీ ఆయనకు తెలిసిన న్యాయం అదొక్కటే. ఎవరి పరువూ పోకుండా ఎవరి మాట వాళ్లు చెప్పే పద్ధతి ఆయనకు ఇంకోటి తెలియదు.

తమ్ముడు పళ్లు కొరుకుతూ వచ్చి చెయ్యి పెట్టి తీశాడు. కొడుకు పెట్టాడు. వాడు తలకాయ గోక్కుంటూ వెనక్కి పోయాడు. మా అత్త వచ్చి తువ్వాల కింద మా ఆయన చెయ్యి మొత్తం పట్టుకుని వదల్లేదు.

"గిదేందవ్వా, అయిదు వేళ్లు పట్టినవ్?"

"నాకు రెండూ కావాలెరా," అంది. "నాకు పండ్లు కావాలె, బర్రెకు మందు కావాలె."

అంత గొడవలోనూ అందరం నవ్వాం. తర్వాత నా వంతు. పెళ్లయి ఇన్నేళ్లలో నలుగురి ముందు మా ఆయన నా చెయ్యి పట్టుకున్నది అదే మొదలు. ఊరంతా పండ్ల డాక్టర్ అని డప్పు కొట్టింది నేనే. రేపు మాట మార్చుకోవాల్సిందీ నేనే. ఒక్క వేలు ఇద్దామనే వెళ్లాను. కానీ ఆ గరుకు అరచెయ్యి తగలగానే, స్వీటు ముక్క పట్టుకుని కొట్టం వైపు చూసిన నా బిడ్డ ముఖం కళ్ల ముందు నిలబడింది. రెండు వేళ్లు పెట్టాను. నిజమేనా అన్నట్టు ఆయన ఒకసారి నొక్కాడు. నేనూ గట్టిగా నొక్కాను.

చివరికి పిల్ల లేచింది. తండ్రి ఎదురుగా నిలబడి, తువ్వాల కిందికి చెయ్యి పెట్టకుండా, ఆ తువ్వాలనే తీసి పక్కన పెట్టింది.

"నేను సాటుకు చెప్ప బాపు," అంది. అందరికీ కనబడేలా రెండు వేళ్లు ఆయన చేతిలో పెట్టింది. "నాకు పశువుల కాలేజే కావాలె. డెంటల్ సీటు దొరకలేదని కాదు, ఇంకోటి లేదని కాదు. ఇదే కావాలె."

"దలాల్ బిడ్డ మళ్ల గొడ్లల్లనే పడ్డది అంటరు," అన్నాడు తమ్ముడు. అరుపు తగ్గింది గానీ పట్టు వదల్లేదు.

"అననియ్యి మామా. దలాల్ బిడ్డనే గద."

మా ఆయన తల వంచుకున్నాడు. "నువ్వు ఈ గొడ్లల్ల పడొద్దనే గద బిడ్డా, నీకు అంగడి మొగం సూపియ్యలె," అన్నాడు.

"నువ్వు సూపియ్యకున్న నేను సూసిన. అంగడి ముందురోజు బర్రెలను మన వాకిట్లనే కట్టేస్తరు. బేరం అయినంక గూడ నువ్వు మళ్ల పొదుగు సూస్తవ్, గిట్టలు సూస్తవ్. ఒకసారి జొరం ఉన్నదాన్ని కొనొద్దని కొనేటోనికి నువ్వే చెప్పినవ్, నీ దలాలి పోయింది. ఆ రాత్రి దాని పక్కన కూసున్నవ్. నేను కిటికీల నుంచి సూసిన. నీకు తెల్వంది ఒక్కటే బాపు, మందు. అది నేను నేర్సుకుంట."

మా ఆయన బిడ్డ రెండు వేళ్లనూ మూసి, పిడికిట్లో పట్టుకున్నాడు. అంగడిలో బేరం తెగితే అలాగే పట్టుకుంటారు. ఇక అటు నుంచి ఎవరూ పెంచరు, ఇటు నుంచి ఎవరూ తగ్గించరు. తమ్ముడు ఆ పట్టు చూశాడు. ఒళ్లో ఉన్న సర్టిఫికెట్ల కవరు తీసి మేనకోడలి చేతికిచ్చాడు. "ఎల్లుండి పొద్దున్నే కదా, నేను గూడ వస్త. మీకు హైదరాబాద్‌ల బస్సులు తెల్వయి," అన్నాడు. కోపం కోపమే, మేనమామ మేనమామే.

కౌన్సెలింగ్ హాలు పెద్దది. బిడ్డ పేరు పిలిచారు. డెంటల్ సీటు కూడా వచ్చిందని విని, అది వదులుకుంటున్నావా, బాగా ఆలోచించుకున్నావా అని అక్కడి మేడం అడిగింది. పిల్ల గొంతు ఆ హాలు చివర కూర్చున్న మాకు కూడా వినబడింది. ఆలోచించుకున్నాను మేడం అంది. సీటు వచ్చింది. బయటికి వచ్చాక తమ్ముడే అందరికంటే ముందు ఫోన్ తీసి ఫొటో దింపాడు.

ఆ ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, కృతజ్ఞత కానుక ఇచ్చాం. మాది మెథడిస్టు సంఘం. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లం ఒకవైపు కూర్చుంటాం. మా ఆయన ఎప్పుడూ తలుపు పక్కన, చెప్పుల దగ్గర కూర్చుంటాడు. కానుక కవరు మీద ఏం రాయాలని అడిగితే, బిడ్డ చదువు గురించి అని రాయమన్నాడు, అంతే. పాస్టర్ అయ్యగారు కానుకలు చదువుతూ మా కవరు దగ్గర ఆగి, సంతోషంగా గొంతు పెంచారు.

"మన సంఘం బిడ్డకు దేవుడు డాక్టర్ సీటు ఇచ్చాడు. డెంటల్ డాక్టర్. అందరం స్తోత్రం చెబుదాం."

తప్పు ఆయనది కాదు. ఊరంతా అలా చెప్పింది నేనే. ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. నేను కొంగు సర్దుకుని, లేవాలా వద్దా అనుకుంటూ ఉన్నాను. ఈలోగా తలుపు దగ్గర కదలిక వినబడింది. మా ఆయన లేచి నిలబడ్డాడు. ప్రార్థన చెయ్యమన్నా తల వంచుకునే మనిషి, గుడి మొత్తం వింటుండగా మాట్లాడాడు.

"పండ్ల డాక్టర్ కాదయ్యగారూ. గొడ్ల డాక్టర్. సరిగ్గ చెప్పుండ్రి. పశువుల దలాల్ బిడ్డ, గొడ్ల డాక్టర్ అయితున్నది."

ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన అటు చూడలేదు. మెడ ఎత్తి, పాస్టర్ గారి వైపే చూస్తూ నిలబడ్డాడు. నా పక్కన బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా జీవితంలో నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు, బిడ్డ ర్యాంకు వచ్చిన రోజు కూడా.

పాస్టర్ అయ్యగారు కవరు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. పశువుల దలాల్ బిడ్డ గొడ్ల డాక్టర్ అవుతోందని, ఒక్కో మాటా విడదీసి, గుడి అంతటికీ వినబడేలా మళ్లీ చెప్పారు. మా ఆయన అప్పుడు గానీ కూర్చోలేదు.