దస్తీ వేసిన సీటు

ఆ రోజుల్లో జహీరాబాద్ బస్టాండులో మనిషి విలువ అతని చదువును బట్టో చెరుకు తోటను బట్టో తేలేది కాదు, దస్తీ విసిరే చేతిని బట్టి తేలేది. దస్తీ అంటే చేతిరుమాలే. కానీ హైదరాబాద్ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఎగిరి సీటు మీద పడిందంటే ఇక అది రుమాలు కాదు, రిజిస్ట్రీ కాగితం. దస్తీ ఆసామి తాపీగా చాయ్ తాగి, పాన్ కట్టించుకుని వచ్చినా ఆ సీటులో ఎవరూ కూర్చునేవారు కారు. (ఒకాయన కూర్చోవడం చిన్నప్పుడు నేను చూశాను. బస్సంతా కలిసి ఆయనకు పెట్టిన చీవాట్లకు పాపం సదాశివపేట దాకా నిలబడే వెళ్ళాడు.) ఈ విద్యలో మా మేనమామను మించినవాడు లేడు. కోహీర్‌లో అల్లం పండించేవాడు, కదులుతున్న బస్సులో మూడో కిటికీ అనుకుంటే మూడో కిటికీలోనే వేసేవాడు. అందరూ దస్తీ మామ అనేవారు, నేను కూడా.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు బెంగుళూరులో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లతో ఫలానా రోజు మధ్యాహ్నం మూడింటిలోపు హాజరు కావాలి, రాకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది అని ఉత్తరం. అది మా ఇంటికి చేరేసరికి మిగిలింది ఒక్క రోజు. రైలు టికెట్లు లేవు, బస్సులో వెళ్తే వేళకు అందుతానన్న నమ్మకం లేదు. ఏడాది నుంచి ఖాళీగా తిరుగుతున్న నన్ను చూసి చూసి విసిగిపోయిన మామ, కళ్ళు మూసుకుని విమానం టికెట్ కొనేశాడు. తాను ఎన్నడూ విమానం ఎక్కకపోయినా సలహాలకు లోటు చేయలేదు. శంషాబాద్ విమానాశ్రయం గుమ్మంలో నా చేతికి ఎర్రగళ్ళ కొత్త దస్తీ ఒకటి, ఆఫీసులో పెద్ద సారుకని పది కిలోల అల్లం మూట ఒకటి ఇచ్చి, అసలు మాట చెప్పాడు.

"విమానంల సీటు నంబరు ఉంటదట, దానికి ఫికర్ లేదు. దిగినంక ఊళ్ళెకు పోయే బస్సు కాడ జర పైలం. ముందుగాల దస్తీ ఎయ్యి, సామాను సంగతి తర్వాత చూస్కో."

ఆ మాట నేను అక్షరాలా పాటించాను. నా కొంప ముంచింది అదే. బెంగుళూరు విమానాశ్రయం ఊరికి చాలా దూరం. ఊళ్ళోకి పోవాలంటే బయట ట్యాక్సీలున్నాయి, బస్సులున్నాయి. మన అంతస్తుకు బస్సే. అదుగో, నిలబడి ఉంది, ఊరి నడిబొడ్డున మెజెస్టిక్ బస్టాండుకు పోయేది. సామాను తోపుడు బండిని కాలిబాట మీద వదిలేసి పరుగెత్తాను, జేబులోంచి దస్తీ తీశాను, చెయ్యెత్తాను. కిటికీ తెరుచుకోదు! చుట్టూ తిరిగి చూశాను, ఒక్క కిటికీ కూడా తెరుచుకోదు, అన్నీ బిగించిన అద్దాలే. ఇదేం బస్సురా నాయనా అనుకుంటూ తలుపులోంచే ఎక్కి, మూడో వరుసలో కిటికీ పక్కన దస్తీ పరిచాను. పైనుంచి వచ్చే చల్లగాలికి అది ఎగిరెగిరి పడుతోంది. బరువుకని చేతిలో ఉన్న ఫైలును దాని మీద పెట్టాను. ఔను, ఆ ఫైలే. పదో తరగతి మెమో దగ్గర్నుంచి ఇంజనీరింగ్ డిగ్రీ దాకా నా బతుకంతా అందులోనే ఉంది.

దిగి వచ్చి పెట్టె, మూట ఎత్తుకుని ఎక్కేస్తే ఈ కథే లేదు. కానీ ఆ తోపుడు బండిని ఎక్కడ తీసుకున్నానో అక్కడే అప్పజెప్పాలని నాకు గట్టి నమ్మకం. పరాయి సొత్తు, పైగా నాలుగు దిక్కులా కెమెరాలు. సామానుతో సహా బండిని తోసుకుంటూ మళ్ళీ గుమ్మం దగ్గరికి పోతే, తుపాకీ పట్టుకున్న జవాను లోపలికి పోనివ్వలేదు. బండి వాపసు ఇవ్వడానికొచ్చానన్నాను. అక్కడే వదిలేయమన్నాడు. వదిలేస్తే ఎవరు పూచీ? ముట్టినట్టు ఒక చీటీ రాసివ్వమన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. అలాంటి కోరిక ఆయన ఉద్యోగంలో ఎవరూ కోరి ఉండరు. మొత్తానికి చీటీ లేకుండానే పెట్టె చేత్తో, మూట భుజాన పట్టుకుని వెనక్కి వచ్చి చూస్తే బస్సు లేదు. దాని వేళకు అది పోయింది, దాని తప్పేం లేదు.

నా గుండె జారి అల్లం మూటలో పడింది. అప్పుడు టైము పన్నెండున్నర. తర్వాతి బస్సు ఇరవై నిమిషాలకు వచ్చింది. నాకు వచ్చిన నాలుగు ముక్కల కన్నడంలో కండక్టరుకు గోడు వెళ్ళబోసుకున్నాను గానీ, నాది మా పక్కనున్న బీదర్ సంతలో నేర్చిన కన్నడం, అక్కడ చెల్లలేదు. ఆయన ఓదార్పుగా టికెట్ చేతిలో పెట్టాడు. బస్సు సగం ఖాళీ. అయినా నేను కూర్చోలేదు. కూర్చుంటే బస్సు నెమ్మదిస్తుందేమోనని భయం. డ్రైవరు వెనకే నిలబడి, ముందుపోయే ప్రతి బస్సు కిటికీల్లోనూ ఎర్రగళ్ళు కనిపిస్తాయేమోనని వెతికాను. సరిగ్గా హెబ్బాళ వంతెన మీద వాహనాలన్నీ స్తంభించిపోయినప్పుడు మామ ఫోన్ చేశాడు. బస్సు దొరికిందా అన్నాడు. దొరికిందన్నాను. దస్తీ వేసినవా అన్నాడు. వేశానన్నాను. "శభాష్ బిడ్డా," అని పెట్టేశాడు. అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండా అంత మోసం నేను మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. నాకు ఏడుపొచ్చింది.

మెజెస్టిక్‌లో దిగేసరికి రెండు దాటింది. వరసగా నిలబడ్డ బస్సులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మూటతో రొప్పుతూ ఒక్కోదాంట్లోకి తొంగిచూస్తూ పోతుంటే, నాలుగో బస్సు మెట్టు మీద కూర్చున్న నడివయసు కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత మూట వైపు చూసి, ముక్కు ఎగబీల్చి, అచ్చంగా మా ఊరి యాసలో అడిగాడు.

"దస్తీ నీదేనా, తమ్మీ?"

ఆయనది మా పక్కనే, కర్ణాటకలో ఉన్న హుమ్నాబాద్. సరిహద్దులో చిరాగ్‌పల్లి దాటితే మాదే అన్నాడు. బస్సులోకి చూశాను. ఫైలు, ఫైలు కింద దస్తీ, నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బస్సు కిక్కిరిసి వచ్చిందట. నిలబడ్డవాళ్ళలో టై కట్టుకున్న ఒకాయన ఆ రుమాలు తీసేయమని గొడవ పెట్టుకున్నాడట. మనిషి ఉన్నాడు, వస్తాడు అని దారి పొడుగునా ఈయన ఒకటే మాట. మొదట నేను వెనక ఎక్కడో నిలబడి ఉన్నాననుకున్నాడట. లేనని తెలిసేసరికి బస్సు హైవే ఎక్కేసింది. ఫైలు తెరిచి ఫోన్ నంబరు చూడొచ్చు కదన్నా అంటే ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ఒకడి దస్తీ మీద పెట్టిన వస్తువును ఇంకొకడు ముట్టుకోవచ్చా అని నన్నే అడిగాడు. నా కోసమని డ్రైవరుకు రెండోసారి చాయ్ తాగించి మరీ బస్సును ఆపాడు.

ఫైలు గుండెకు హత్తుకుని, వేళ మించిపోతోంది, పోతానన్నాను. మెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కూసో. దస్తీ ఏసి కూసోకుంట పోతె, నేను గంటసేపు అందరితోని కొట్లాడింది దేనికి?"

కూర్చున్నాను. ఖాళీ బస్సులో, మూడో వరుసలో, కిటికీ పక్కన, ఆగి ఉన్న బస్సులో ప్రయాణికుడిలాగా కూర్చున్నాను. ఆయన తృప్తిగా తలూపాడు. పెద్ద సారుకని మోసుకొచ్చిన అల్లం మొత్తం ఆయన సీటు కింద పెట్టేసి, ఆటోలో పడి, మూడింటికి ఐదు నిమిషాల ముందు ఆఫీసులో హాజరు వేయించుకున్నాను. అల్లం సారుకు ముట్టిందా అని మామ అడిగితే, ముట్టింది, చాలా సంతోషించాడు అన్నాను. అది కూడా అబద్ధం కాదు.

ఆ ఉద్యోగంలో నాలుగేళ్ళు చేసి, ఇప్పుడు మా ఊళ్ళోనే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉన్నాను. నెలకోసారి మీటింగుకు బెంగుళూరు పోతుంటాను. విమానం దిగేసరికి ఫోన్‌లో పిలిచిన ట్యాక్సీ నా పేరుతో సిద్ధంగా ఉంటుంది. సీటు దొరకదన్న బెంగే లేదు. నా సీటు కోసం గంటసేపు ఊరందరితో కొట్లాడే మనిషి కూడా లేడు. మెజెస్టిక్‌లో రెండుసార్లు ఆయన కోసం అడిగాను. సొంత జిల్లాకు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడన్నారు. పేరు అడగాలన్న తెలివి ఆ రోజు నాకు లేకపోయింది.

మొన్న ట్యాక్సీ ఎక్కగానే చెమట తుడుచుకుని, దస్తీని అలవాటుగా పక్క సీటు మీద పరిచాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, ఇంకెవరైనా ఎక్కాలా సార్ అని అడిగాడు. ఎవరూ లేరు, పోనిమ్మన్నాను. కానీ ఊరు వచ్చేదాకా దస్తీని మాత్రం తీయలేదు.