పెదబాబు బోణీ గోలు

ఇప్పుడంటే గల్లాపెట్టె ముందు కూర్చుని వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ నీతులు చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఉద్యోగమంటే నాకు తెలిసింది ఒక్కటే, మెడలో వేలాడే గుర్తింపు కార్డు. అది తగిలించుకుని మా పేట గోసాని నువాగాంలో స్కూటీ మీద వెళ్తుంటే వీధి వీధంతా నన్నే చూస్తోందని మురిసిపోయేదాన్ని. (చూసేవారు, నిజమే. స్కూటీకి సైలెన్సరు ఊడిపోయి ఉండేది.) బరంపురం నుంచి గిరిసోల వెళ్లే దారిలో కొత్తగా లేచిన ఒక చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో నన్ను స్పోర్ట్స్ కోఆర్డినేటర్‌గా తీసుకున్నారు. ఆటల గురించి నీకేం తెలుసని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ యూనివర్సిటీ పెట్టింది పప్పుల హోల్‌సేల్ షావుకారు ఒకాయన. అందరం పెదబాబు అనేవాళ్లం. అడ్మిషన్ల బ్రోచర్ మీద బంతి తంతున్న కుర్రాడి ఫొటో ఉంటే సీట్లు బాగా నిండుతాయని ఎవరో చెవిలో ఊదారట, దాంతో ఫుట్‌బాల్ టీము పెట్టేశారు. టీము అన్నాక కోచ్ ఉండాలి కదా. ఆ కోచ్‌ని ఎలా కొలవాలో పెదబాబుకి తెలీదు. ఆయనకి తెలిసిన కొలత ఒకటే, బోణీ. పొద్దున్నే మొదటి బేరం బాగా జరిగిందా, ఆ రోజు బంగారం. జరగలేదా, ఇక సాయంత్రం దాకా దుకాణంలో ఎవరికీ తిట్లు తప్పవు. కోచ్‌కైనా అదే లెక్క వేశారు. మొదటి మ్యాచ్ గెలిస్తే ఉంటాడు. లేకపోతే మర్నాడు పిలిపించి, శాలువా కప్పి, చేతిలో కొబ్బరికాయ పెట్టి, "ఎల్లి రండి బాబూ" అంటారు. పొమ్మని మాత్రం అనరు. షావుకార్ల నోట ఆ మాట రాదు.

మొదటి కోచ్‌ని ఈలాయన అనేవాళ్లం. నిద్రలో కూడా ఆయన నోట్లో ఈల ఉండేదని హాస్టల్ కుర్రాళ్లు చెప్పేవారు. ఓడాడు, వెళ్లాడు. తర్వాతాయన కలకత్తా మనిషి. ఆయన మొదటి మ్యాచ్ అయ్యాక పెదబాబు నన్ను పిలిచి "ఎన్ని గోల్సు?" అన్నారు. "ఇటు సున్నా, అటు సున్నా బాబూ." "అంటే గెలిసినట్టా, ఓడినట్టా?" "రెండూ కాదు బాబూ, డ్రా." ఆయన మొహం చింతపండు నమిలినట్టయింది. "అంటే ఏటి, మొదటి బేరానికొచ్చినోడు సరుకంతా కెలికీసి, ఏదీ కొనకుండా ఎల్లిపోయినట్టు కాదేటి? ఇంతకన్నా ఓడిపోయినా బాగుణ్ణు." కలకత్తా ఆయనకీ శాలువా పడింది. మూడో ఆయన కుర్రాళ్లకి రోజూ గుడ్లు పెట్టాలన్నాడు. పెదబాబు గడప దాటి గుడ్డు పెంకు కూడా రాదు. ఆయన బోణీ దాకా కూడా నిలవలేదు. ఇన్నిటి మధ్యా నా పని ఏమిటంటే వచ్చేవాడికి దండ కొనడం, పోయేవాడికి శాలువా కొనడం, గది తలుపు మీద కోచ్ పేరు సుద్దముక్కతో రాయడం. (పెయింటు వద్దని పైనుంచి ఆర్డరు.) బజార్లో నేను స్కూటీ ఆపగానే కొట్టతను "దండా, శాలువానా?" అని అడిగేవాడు.

నాలుగో ఆయన భంజనగర్ నుంచి వచ్చిన ఒడియా మాస్టారు. ముందు ఒక్కరూ రండి, సంసారం పెట్టకండి అని ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "కిచ్చి అసుబిధా నాహీఁ" అన్నారాయన. ఏ ఇబ్బందీ లేదని. కొంప మునుగుతున్నా ఆయన నోట ఆ మాటే వస్తుంది. మర్నాడు మినీ లారీ నిండా సామానుతో, భార్యతో, చిన్న కూతురితో దిగారు. దిగింది ఎక్కడనుకున్నారు? మా ఇంటి పైమేడలోనే! అమ్మే అద్దెకి ఇచ్చేసింది. వారం తిరక్కుండానే ఆవిడ కూరముక్కల పప్పు దాల్మా గిన్నె కిందికీ మా పులిహోర గిన్నె పైకీ తిరగడం మొదలెట్టాయి. ఆ పిల్లని మా వీధి చివర బడిలో వేశారు. కొత్త యూనిఫారం వేసుకుని మెట్ల మీద టకటకా దిగి, "మావుసీ, చూడు" అని పిన్ని వరస కలిపి అమ్మకి చూపించిన రోజు నా గుండెలో రాయి పడింది. ఎందుకంటే మొదటి మ్యాచ్ ఎవరితోనో అప్పటికే తెలిసిపోయింది. అంతకుముందు ఏడాది కప్పు కొట్టిన కాలేజీతో.

నిజం చెప్పాలంటే మాస్టారు వచ్చాకే మా కుర్రాళ్లు బంతి ఒకడికొకడు ఇచ్చుకోవడం నేర్చుకున్నారు. అంతకుముందు దొరికినవాడు దొరికినట్టు దాన్ని పట్టుకుని ఊరి మీదికి పోయేవాడు. అయినా ఆ కాలేజీ మీద గెలవడం కల్ల. అమ్మకి చెబితే, నేనేదో చైర్మన్‌ని అయినట్టు, "సూడు, ఆ పిల్లదాన్ని ఈ ఇంట్లోంచి పంపీసేవంటే నీకు ఈ ఇంట్లో కూడు లేదు" అంది. అప్పుడే నా బుర్రలో ఒక తెలివి మెరిసింది. (నా తెలివి మెరిసినప్పుడల్లా ఎక్కడో పిడుగు పడుతుంది.) పెదబాబు దగ్గరికెళ్లి, "బాబూ, పెద్ద బేరానికి ముందు చిన్న బోణీ పెట్టుకుందాం. మన బజారు వర్తకుల టీముతో ఒక మ్యాచ్" అన్నాను. పొట్టలు పెరిగిన షావుకార్ల మీద గెలవకపోతే ఇంకెవరి మీద గెలుస్తారు? పెదబాబు తెగ సంబరపడిపోయారు. "బాగుంది అమ్మాయ్! అయితే వర్తకుల వైపు నేనూ ఆడతాను" అన్నారు. ఒలమ్మో! ఇది నేననుకోలేదు.

ఆదివారం పొద్దున్న వర్తకులు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని దిగారు. వాళ్ల గోలీ ఒక బెల్లం వ్యాపారి, గోలు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనవాళ్లు ఆరు గోల్సు కొట్టారు. నేను పక్కన నిలబడి ఒక్కో గోలుకీ ఒక్కో దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. ఆఖర్లో బంతి ఎలా దొర్లిందో గానీ దొర్లుకుంటూ వెళ్లి పెదబాబు కాళ్ల దగ్గర ఆగింది. మైదానమంతా ఆగిపోయింది. ఆయనకి అడ్డం వెళ్లే ధైర్యం ఎవడికి? ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ గోలు దాకా వచ్చారు. మా గోలీ కుర్రాడు ఫీజు రాయితీ మీద చదువుతున్నవాడు. పక్కకి తప్పుకుని, రెండు చేతులూ జోడించి, వంగి నమస్కారం పెట్టాడు. బంతి లోపలికెళ్లింది. వర్తకులు ఆయన్ని పైకెత్తబోయి, బరువాగక దించేశారు. సరే, ఆరూ ఒకటీ, బోణీ అదిరింది, పిల్ల బడి మానక్కర్లేదు అనుకుంటూ ఇంటికెళ్లి మూడుసార్లు వడ్డించుకు తిన్నాను.

మర్నాడు పిలుపొచ్చింది. పెదబాబు వెలిగిపోతున్నారు. "ఆరు కొట్టేరు, బాగానే ఉంది. గానీ అమ్మాయ్, నా సేత గోలు కొట్టించుకున్నాడంటే ఆడేటి కోచ్? మోకాళ్ల నొప్పులోడిని, నేనే కొట్టీసేనంటే రేపు ఆ కప్పు కాలేజీ కుర్రాళ్లు కొట్టరేటి? శాలువా తెప్పించు." స్కూటీ తాళం కోసం సంచి తడుముకుంటున్నాను. అంతలో ఆయనే "ఈ మ్యాచ్ నీ ఆలోచనే కదూ? నా జన్మలో మొదటి గోలు నీ సేతి సలవే. ఇకమీదట నువ్వే కోచ్" అన్నారు. "బాబూ, బంతి గుండ్రంగా ఉంటాదని తప్ప నాకేటీ తెలీదు!" "అదొక్కటీ తెలిస్తే సాల్లే."

ఆ సాయంత్రం శాలువాతో మా మేడ మెట్లు ఎక్కడం నేనింక చచ్చినా మర్చిపోను. మాస్టారు తీసుకుని, మడత విప్పకుండానే "కిచ్చి అసుబిధా నాహీఁ" అన్నారు. లోపల పిల్ల ఏదో పద్యం బట్టీ పడుతోంది. ఆ రోజు దాల్మా గిన్నె కిందికి రాలేదు. అమ్మ నా కంచం ధన్‌మని పెట్టి వెళ్లిపోయింది. అన్నం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇక కోచ్‌గా నా వైభవం. ఆ కప్పు కాలేజీతో మ్యాచ్ రోజు కుర్రాళ్లు చుట్టూ చేరి "మేడమ్, ఎలా ఆడమంటారు?" అంటే, "జాగ్రత్త నాయనా, పడిపోకండి" అన్నాను. ఎవరూ పడలేదు. గోల్సు మాత్రం వరసపెట్టి పడ్డాయి, నేను లెక్కపెట్టడం మానేశాను. మర్నాడు పొద్దున్నే బజార్లో స్కూటీ ఆపితే కొట్టతను "ఎవరికమ్మా?" అన్నాడు. "నాకే" అన్నాను. పాపం, మంచి రంగు చూసి ఇచ్చాడు.

పెదబాబు శాలువా పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డారు. "నీ సేయి మంచిదనుకున్నాను అమ్మాయ్..." నాకు ఎక్కడలేని తెగింపు వచ్చింది. పోయేదెలాగూ పోతోంది కదా! "బాబూ, ఒక్క మాట. కొత్త కోచ్‌ని తెస్తే మళ్లీ బోణీ, మళ్లీ ఈ బెంగ. మా పైమేడ మాస్టారు ఇంకా సామాను కట్టలేదు, ఆయన బోణీ అయిపోనాది కదా? బోణీ అయిపోయిన దుకాణానికి మళ్లీ బోణీ ఉంటాదేటి? ఇక ఆయన గెలిసినా ఓడినా రోజువారీ బేరమే." ఆయన వేళ్లు బల్ల మీద టకటకలాడించారు. నేను వదల్లేదు. "పైగా ఆ బోణీలో గోలు కొట్టింది మీరు. మీ సేతి బోణీ సెడ్డదని మీరే అంటారేటి?" ఎటు తిప్పినా ఆయనకి దారి దొరకలేదు. "ఆ మాస్టారిని రమ్మను" అన్నారు చివరికి. తర్వాత నాకు శాలువా కప్పి, "నువ్వెల్లి రా తల్లీ" అన్నారు. నా పాత కుర్చీలో అప్పటికే ఆయన మేనల్లుడు కూర్చుని ఉన్నాడు. పోతూ పోతూ సుద్దముక్క తీసుకుని తలుపు మీద నా పేరు తుడిచేసి, మాస్టారి పేరు రాశాను. తర్వాతెప్పుడో దాని మీద పెయింటు వేశారట.

కొన్నాళ్లకి బజార్లో చిన్న ఫ్యాన్సీ షాపు పెట్టాను. బోణీల పిచ్చి చూసి అంత నవ్విన మనిషిని, ప్రారంభం రోజు ఏం చేశానో తెలుసా? చేయి మంచిదని పేరున్న ఒక పెద్ద ముత్తయిదువని బతిమాలి, పొద్దున్నే మొదట మీరే రావాలని మాట తీసుకున్నాను. షట్టరు సగం ఎత్తానో లేదో, దాని కిందనుంచి ట్రాక్ ప్యాంటు, బురద బూట్లు! మాస్టారు! అప్పటికి ఆయన టీము గెలిచిన మ్యాచ్‌ల కంటే ఓడినవే ఎక్కువని బరంపురమంతా తెలుసు. షట్టరు మళ్లీ కిందికి లాగేద్దామా అనిపించింది. ఆయన మాత్రం కూతురికని రెండు తలపిన్నులు ఏరి, బేరమాడకుండా నోటు నా చేతిలో పెట్టారు. చిల్లర లేదన్నాను. "కిచ్చి అసుబిధా నాహీఁ" అన్నారు.

షాపు దేవుడి దయ వల్ల బాగానే నడుస్తోంది. పెదబాబు కప్పిన శాలువా మడిచి నా కుర్చీలో వేసుకున్నాను, నడుముకి హాయిగా ఉంటుంది. ఈ వయసులో కూడా పొద్దున్నే షట్టరు ఎత్తి, ఎవరూ చూడకుండా వీధి చివరికి ఒకసారి తొంగి చూస్తాను. మొదట ఆ బురద బూట్లే వస్తే బాగుణ్ణు అనుకుంటాను.